ఈస్ట్ ఇన్‌ఫెక్షన్‌కు పెరుగు విరుగుడేనా?

యోనిలో దురద, మంట మొదలైతే చాలామంది స్త్రీలు ముందుగా వెళ్లేది డాక్టరు దగ్గరికి కాదు. చేతిలో ఫోను ఉంటుంది, గుట్టుగా అడగడానికి ఒక స్నేహితురాలు ఉంటుంది. రెండు చోట్లా ఎదురయ్యే మొదటి సలహా ఇంచుమించు ఒకటే: పెరుగు బాగా తిను, అదే సర్దుకుంటుంది. మేలు చేసే బ్యాక్టీరియా ఉండే ప్రోబయోటిక్ మాత్రలు వేసుకోమనేవాళ్లు కొందరు, పెరుగును నేరుగా లోపల రాసుకోమనేవాళ్లు ఇంకొందరు.

సలహా వెనక ఉన్న తర్కం వినసొంపుగానే ఉంటుంది. యోనిలో మేలు చేసే బ్యాక్టీరియా సహజంగానే కాపురం ఉంటుంది. అది తగ్గిపోతే ఈస్ట్ పెచ్చరిల్లుతుంది. పెరుగులోనూ అదే జాతి బ్యాక్టీరియా ఉంది. కాబట్టి పెరుగు తింటే తగ్గినది మళ్లీ చేరుతుంది, ఈస్ట్ తోక ముడుస్తుంది. ఈ గొలుసులో ఒక్కో లంకెనూ పట్టి లాగి చూస్తే కొన్ని సగం గట్టివి, కొన్ని తుప్పు పట్టినవి. ఒకటి మాత్రం అసలు ఈ గొలుసుదే కాదు. వేరే జబ్బు కథలోంచి తెచ్చి దీనికి తగిలించారు.

ముందు ఈస్ట్ సంగతి చూద్దాం. ఎక్కువ కేసుల్లో కారణం క్యాండిడా ఆల్బికన్స్ అనే శిలీంధ్రం. ఇది ఎక్కడినుంచో దండెత్తి వచ్చే శత్రువు కాదు. నోట్లో, పేగుల్లో, చర్మం మీద, యోనిలో ఎవరి జోలికీ పోకుండా ఏళ్ల తరబడి ఉండిపోగలదు. ఏ ఇబ్బందీ లేని స్త్రీలలోనే 10 నుంచి 20 శాతం మందికి యోనిలో క్యాండిడా ఉంటుంది. అది ఉండటమే జబ్బు అయితే వాళ్లందరూ రోగులే కావాలి. చిక్కు అది రూపం మార్చుకున్నప్పుడు వస్తుంది. మామూలుగా గుండ్రటి కణాలుగా ఉండే ఈ ఈస్ట్ కొన్ని పరిస్థితుల్లో పొడవాటి పోగులుగా సాగి, యోని గోడల పైపొరలోకి చొచ్చుకుపోతుంది. ఆ పోగులు క్యాండిడాలైసిన్ అనే విషపదార్థాన్ని విడుదల చేస్తాయని 2016లో బయటపడింది. కణాలు దెబ్బతినగానే శరీరం తెల్ల రక్తకణాల దండును అక్కడికి పంపుతుంది. మనకు తెలిసే దురద, ఎరుపు, వాపు, మంటల్లో పెద్ద వాటా ఈ దండు హడావుడిదే.

నలుగురు స్త్రీలలో ముగ్గురికి జీవితంలో ఒక్కసారైనా వచ్చే సమస్య ఇది. కొద్ది శాతం మందికి మాత్రం వదలకుండా తిరగబెడుతుంది. ఏడాదిలో మూడుసార్లు లేదా అంతకు మించి వస్తే దాన్ని వైద్యులు వేరుగా లెక్కిస్తారు. గర్భం, అదుపులో లేని మధుమేహం, యాంటీబయోటిక్ మందుల కోర్సు, స్టెరాయిడ్లు, తగ్గిన రోగనిరోధక శక్తి దీనికి దారి తీస్తాయి. మధుమేహానికి వాడే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మందులు చక్కెరను మూత్రంలోకి పంపించి బయట పడేస్తాయి కనుక, అవి వాడేవారిలో జననాంగాల ఈస్ట్ ఇన్‌ఫెక్షన్లు ఎక్కువగా కనిపిస్తాయి. ఇది తెలియక ఏడాది పాటు పెరుగునే నమ్ముకుని విసిగిపోవడం ఎవరికైనా జరగవచ్చు.

ఇప్పుడు ఆ మేలు చేసే బ్యాక్టీరియా దగ్గరికి వద్దాం. 1892లో ఆల్బర్ట్ డోడర్‌లైన్ అనే జర్మన్ స్త్రీవైద్య నిపుణుడు ఆరోగ్యవంతుల యోని స్రావంలో కడ్డీల్లాంటి బ్యాక్టీరియాను గుర్తించి వర్ణించాడు. చాలాకాలం వాటిని ఆయన పేరుతోనే పిలిచారు. ఇప్పుడు మనం లాక్టోబాసిల్లస్ అంటున్నది వాటినే. ఈస్ట్రోజెన్ హార్మోన్ ప్రభావంతో యోని గోడల కణాల్లో గ్లైకోజెన్ అనే పిండిపదార్థం నిల్వ ఉంటుంది. అది విడిపోయి చిన్న చక్కెరలైతే లాక్టోబాసిల్లస్ వాటిని తిని లాక్టిక్ ఆమ్లాన్ని వదులుతుంది. అందువల్లే యోని లోపలి పీహెచ్ సుమారు 3.8 నుంచి 4.5 మధ్య, అంటే బాగా పుల్లగా ఉంటుంది (ఈ అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ). హాని చేసే చాలా రకాల బ్యాక్టీరియాకు ఆ పులుపు గిట్టదు.

ఇంతవరకూ గొలుసు గట్టిదే. ఇక్కడే లంకె మారిపోతుంది.

లాక్టోబాసిల్లస్ తగ్గిపోయి, పీహెచ్ 4.5 దాటిపోయి, ఇతర బ్యాక్టీరియా రాజ్యమేలే జబ్బు ఒకటుంది. దాని పేరు బ్యాక్టీరియల్ వాజినోసిస్. పలచటి బూడిదరంగు స్రావం, చేపల వాసన దాని గుర్తులు. మేలు చేసే బ్యాక్టీరియా లోటు వల్ల వచ్చే సమస్య అనే మాట దీనికి అతికినట్టు సరిపోతుంది. ఈస్ట్ ఇన్‌ఫెక్షన్ కథ వేరు. అందులో పీహెచ్ సాధారణంగా మారదు, 4.5 లోపే ఉంటుంది. పరీక్షించి చూస్తే లాక్టోబాసిల్లస్ చాలామందిలో పుష్కలంగానే కనిపిస్తుంది. కాపలావాడు గేటు దగ్గరే నిలబడి ఉండగా దొంగ లోపల తిరుగుతున్నాడన్నమాట. కాపలావాళ్లను ఇంకో పదిమందిని పెంచితే పని అవుతుందా అన్నది అప్పుడు అంత తేలిక ప్రశ్న కాదు.

పులుపుకు ఈస్ట్ చస్తుందన్న మాటా నిలవదు. పులిసిన పిండిలో, పులిసిన పళ్లరసంలో హాయిగా బతికే జీవజాతి కదా ఈస్ట్! క్యాండిడా సైతం పుల్లటి వాతావరణాన్ని బాగానే తట్టుకుంటుంది.

అలాగని లాక్టోబాసిల్లస్‌కు క్యాండిడా మీద ఏ పట్టూ లేదని కొట్టిపారేయడమూ తప్పే. ప్రయోగశాలలో రెంటినీ పక్కపక్కన పెంచితే లాక్టోబాసిల్లస్ ఈస్ట్‌ను గోడలకు అతుక్కోనివ్వదు, పోగులుగా సాగనివ్వదు. లాక్టోబాసిల్లస్ వదిలే రసాయనాల్లో ఒక బీటా కార్బోలిన్ సమ్మేళనం సరిగ్గా ఈ రూపమార్పునే ఆపుతోందని 2021లో కెనడా శాస్త్రవేత్తలు ప్రచురించారు. ఈస్ట్‌ను చంపకుండా దాన్ని సాధువుగానే ఉంచడం ఇక్కడి కిటుకు. నాకు ఈ పరిశోధన చాలా ఆసక్తికరంగా అనిపించింది. అయితే గాజు పళ్లెంలో జరిగినది గిన్నెలోని పెరుగు వల్ల శరీరంలో జరగాలంటే మధ్యలో ఇంకా రెండు వాగులు దాటాలి.

మొదటి వాగు, పెరుగులో ఉన్నది ఎవరన్నది. లాక్టోబాసిల్లస్ అనేది ఇంటిపేరు లాంటిది. ఇంటిపేరు కలిసినంత మాత్రాన అందరిదీ ఒకే ఊరు, ఒకే వృత్తి కావు. పారిశ్రామికంగా తయారయ్యే యోగర్ట్‌లో ప్రమాణాల ప్రకారం ఉండేవి రెండు: లాక్టోబాసిల్లస్ బల్గారికస్, స్ట్రెప్టోకాకస్ థెర్మోఫిలస్. రెండోదానికి ఇంటిపేరు సైతం కలవలేదు. ఈ రెండూ పాలను తోడుపెట్టడంలో దిట్టలు. యోనిలో కాపురం చేయడం వాటి పని కాదు. అక్కడ స్థిరపడేవి వేరు: క్రిస్పాటస్, గాస్సెరీ, జెన్సేనీ, ఐనర్స్. 2011లో అమెరికాలో 396 మంది స్త్రీల యోని సూక్ష్మజీవులను జన్యుపద్ధతిలో పరిశీలించినప్పుడు అయిదు రకాల సముదాయాలు తేలాయి. వాటిలో నాలుగింటిలో పెత్తనం ఈ నాలుగు జాతులదే. అయిదో రకంలో లాక్టోబాసిల్లస్ పెత్తనమే లేదు, అలాంటి స్త్రీలలోనూ చాలామంది ఏ లక్షణాలూ లేకుండా ఉన్నారు. పెరుగు డబ్బా మీద తరచుగా కనిపించే అసిడోఫిలస్ ఈ నాలుగింటిలో లేదు.

ఇంటిపేరు గొడవ ఇంతటితో ఆగలేదు. 2020లో శాస్త్రవేత్తలు లాక్టోబాసిల్లస్ అనే ఉమ్మడి కుటుంబాన్ని విడదీసి 25 ప్రజాతులుగా పంచారు. ప్రోబయోటిక్ మాత్రల్లో ప్రసిద్ధమైన రామ్నోసస్, రూటెరీ ఇప్పుడు వేర్వేరు ఇంటిపేర్లతో చెలామణి అవుతున్నాయి. డబ్బాల మీద మాత్రం చాలా చోట్ల పాత పేరే ఉంటుంది. కొత్త పేరు చూసి అది వేరే సరుకనుకుని కంగారు పడక్కర్లేదు.

రెండో వాగు ప్రయాణం. నోట్లో వేసుకున్నది యోనికి ఎలా చేరుతుంది? రెంటినీ కలిపే గొట్టం శరీరంలో లేదు. మింగిన బ్యాక్టీరియా కడుపులోని ఆమ్లాన్ని, పైత్యరసాన్ని తట్టుకోవాలి, పేగుల పొడవునా ప్రాణాలతో సాగాలి, మలద్వారం దగ్గర బయటపడి, చర్మం మీదుగా యోని ముఖద్వారం చేరాలి, అక్కడ ఇప్పటికే స్థిరపడినవాటి మధ్య చోటు సంపాదించాలి. వింతగా అనిపించినా ఇది కట్టుకథ కాదు. మూత్రనాళ ఇన్‌ఫెక్షన్లు తెచ్చే ఈ.కోలై అనే బ్యాక్టీరియా ఈ దారినే వస్తుంది. కెనడాలో అభివృద్ధి చేసిన రామ్నోసస్ జీఆర్-1, రూటెరీ ఆర్‌సీ-14 అనే రెండు స్ట్రెయిన్లను, అంటే ఆ జాతుల్లోని ప్రత్యేక ఉపరకాలను, నోటి ద్వారా ఇచ్చినప్పుడు అవి కొందరు స్త్రీల యోనిలో తర్వాత కనిపించాయి కూడా. కానీ ఆ రెండూ ఈ పనికోసమే ఏరి ఎంచినవి. అందరిలోనూ కనిపించలేదు, కనిపించినచోట శాశ్వతంగా తిష్ఠ వేయలేదు. పైగా ప్రయాణానికి రోజులు, వారాలు పడుతుంది. దురద మాత్రం ఈ రాత్రి నిద్ర పట్టనివ్వడం లేదు!

తర్కం ఎలా ఉన్నా, తిని చూసినవాళ్లకు ఏమైందన్నదే కదా అసలు ప్రశ్న. పెరుగు పక్షాన తరచుగా చూపించే అధ్యయనం 1992లో ఆనల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్ పత్రికలో వచ్చింది. ఈస్ట్ ఇన్‌ఫెక్షన్ మాటిమాటికీ తిరగబెడుతున్న స్త్రీలకు ఆరు నెలల పాటు రోజూ సుమారు 225 గ్రాముల యోగర్ట్ ఇచ్చారు. అందులో అసిడోఫిలస్ ఉండేలా చూసుకున్నారు. ఇంకో ఆరు నెలలు అది లేకుండా గడపాలి. ఫలితం కళ్లు చెదిరేలా వచ్చింది. యోగర్ట్ లేని ఆరు నెలల్లో సగటున 2.54 ఇన్‌ఫెక్షన్లు, తిన్న ఆరు నెలల్లో 0.38. ఈ ఒక్క అంకె చేతబట్టుకునే ఎన్నో వ్యాసాలు పుట్టాయి.

ఆ అంకె వెనక్కి వెళ్లి చూడండి. మొదలుపెట్టినవాళ్లు 33 మంది. నియమాలు పాటించలేదని 12 మందిని తీసేశారు. మిగిలిన 21 మందిలో ముందు యోగర్ట్ వంతు వచ్చిన ఎనిమిది మంది, ఆరు నెలలు గడిచాక దాన్ని మానేయడానికి ఒప్పుకోలేదు. చివరికి లెక్కకు దొరికింది 13 మంది. తామేమి తింటున్నారో అందరికీ తెలుసు, ఎందుకంటే యోగర్ట్‌కు నకిలీ పెట్టలేదు. ఆ ఎనిమిది మంది మొండికేయడం నాకు నచ్చిన వివరం. తమకు హాయిగా ఉన్నదాన్ని పరిశోధన కోసం వదులుకోవడం ఎవరికి ఇష్టం? కానీ సరిగ్గా అలాంటివాళ్లు పక్కకు తప్పుకున్నప్పుడు మిగిలిన లెక్క ఎటైనా ఒరిగిపోతుంది. పదమూడు మందితో ఆశ కలుగుతుంది, నిర్ధారణ కాదు.

రెండో పరీక్ష మరింత సూటిగా జరిగింది. యాంటీబయోటిక్ కోర్సు తర్వాత ఈస్ట్ ఇన్‌ఫెక్షన్ రావడం అందరికీ తెలిసిన విషయమే. మంచి బ్యాక్టీరియా చావడమే కారణమైతే, కోర్సు నడుస్తుండగానే లాక్టోబాసిల్లస్ ఇస్తే ఆగిపోవాలి. ఆస్ట్రేలియాలో 278 మంది స్త్రీలతో దీన్ని పరీక్షించారు. కొందరికి నోటి ద్వారా, కొందరికి యోనిలో, కొందరికి రెండు విధాలా ఇచ్చారు, కొందరికి ఉత్తుత్తి మందు. 2004లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఫలితం ఏమిటంటే, ఫలితాలు చేతికందిన 235 మందిలో 55 మందికి, అంటే 23 శాతానికి ఇన్‌ఫెక్షన్ వచ్చింది. లాక్టోబాసిల్లస్ పుచ్చుకున్నవాళ్లకూ పుచ్చుకోనివాళ్లకూ తేడా లేదు. ఇక కొనసాగించినా ప్రయోజనం కనిపించదని ప్రయోగాన్ని మధ్యలోనే ఆపేశారు. యాంటీబయోటిక్ వేసుకుంటున్నప్పుడు పెరుగు తింటే ఈస్ట్ రాదన్న ధీమాకు ఇది గట్టి దెబ్బ.

మందుకు తోడుగా ఇస్తే మాత్రం చిత్రం కొంత మారుతుంది. బ్రెజిల్‌లో 55 మంది రోగులకు ఫ్లూకొనజోల్ అనే శిలీంధ్రనాశక మందు ఒక మోతాదు ఇచ్చి, సగం మందికి పైన చెప్పిన జీఆర్-1, ఆర్‌సీ-14 మాత్రలను నాలుగు వారాలు కలిపి ఇచ్చారు. నెల తర్వాత పరీక్షలో ఈస్ట్ మిగిలి ఉన్నది ప్రోబయోటిక్ తీసుకున్నవారిలో 10.3 శాతం మందికి, తీసుకోనివారిలో 38.5 శాతం మందికి. ఇది 2009 నాటి మాట. ఆ తర్వాత 2017లో వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ ఇలాంటి 10 ప్రయోగాలను, మొత్తం 1,656 మంది స్త్రీల వివరాలను ఒకచోట చేర్చి చూసింది. మామూలు మందుకు ప్రోబయోటిక్ కలిపితే తొలి రోజుల్లో ఉపశమనం కాస్త మెరుగ్గా ఉంది, నెలలోపు తిరగబెట్టడం కాస్త తగ్గింది. దీర్ఘకాలంలో ఆ మేలు నిలవలేదు. సాక్ష్యాల నాణ్యత తక్కువని కూడా ఆ సమీక్షే చెప్పింది. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2021లో ఇచ్చిన చికిత్స మార్గదర్శకాలయితే ఈ జబ్బుకు ప్రోబయోటిక్స్ వాడమనడానికి తగినంత ఆధారం లేదని తేల్చేశాయి.

గమనించారా? ఆశ కలిగించిన ప్రయోగాల్లో ఎక్కువ భాగం మాత్రలవి, క్యాప్సూళ్లవి. తిండి గురించినవి వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. క్యాప్సూల్ మీద వచ్చిన ఫలితాన్ని పట్టుకొచ్చి పెరుగు డబ్బా మీద అతికించడం ఈ రంగంలో రోజూ జరిగే కనికట్టు.

మరి పెరుగు తిన్నాక తగ్గిందని చెప్పేవాళ్లంతా అబద్ధమాడుతున్నారా? లేదు. ఈ ఇన్‌ఫెక్షన్ తీవ్రత నెలసరికి ముందు వారంలో పెరిగి, నెలసరి వచ్చాక తగ్గడం చాలామందికి అనుభవమే. దురద భరించలేని రోజున పెరుగు మొదలుపెడతాం. నాలుగైదు రోజుల్లో నెలసరి వస్తుంది, దురద సద్దుమణుగుతుంది. ఖ్యాతి పెరుగు ఖాతాలో పడుతుంది. వచ్చే నెల మళ్లీ మొదలైతే ఈసారి పెరుగు సరిగా తినలేదనుకుంటాం.

లోపల రాసుకోవడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది అడిగేది అదే. ఈజిప్టులో 129 మంది గర్భిణులపై తేనె, యోగర్ట్ మిశ్రమాన్ని శిలీంధ్రనాశక మందుతో పోల్చి చూశారు. లక్షణాలు తగ్గడంలో మిశ్రమానిదే పైచేయి: 87.8 శాతం, మందుకు 72.3 శాతం. ఈస్ట్ పూర్తిగా పోవడంలో మాత్రం మందు గెలిచింది: 91.5 శాతం, మిశ్రమానికి 76.9 శాతం. చల్లటి, మెత్తటి పదార్థం మండుతున్న చర్మానికి ఊరటనిస్తుంది, అందులో ఆశ్చర్యం లేదు. ఊరట కలిగింది కదా అని జబ్బు పోయిందనుకోవడంలోనే పొరపాటు. పైగా పరిశోధనలో వాడిన మిశ్రమం వేరు, చక్కెర, పళ్ల రుచులు, చిక్కబరిచే పదార్థాలు కలిపిన డబ్బా వేరు. దాన్ని మండుతున్న యోనిలో పెట్టడం నేనైతే సిఫారసు చేయను. వెల్లుల్లి రెబ్బ, టీ ట్రీ నూనె లాంటివి ఇంకా ప్రమాదం, అవి చర్మాన్ని కాల్చేయగలవు. బోరిక్ ఆమ్లం క్యాప్సూళ్లు కొన్ని మొండి కేసుల్లో వైద్యులు యోనిలో పెట్టుకోమని ఇస్తారు. ఆ క్యాప్సూల్ పొరపాటున మింగితే ప్రాణాపాయం.

తిండిగా అయితే పెరుగుకు అడ్డం చెప్పేదేమీ లేదు. మంచి ఆహారం, నచ్చితే రోజూ తినవచ్చు. ప్రోబయోటిక్ అన్న మాటను మాత్రం కాస్త పొదుపుగా వాడాలి. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం, తగినంత మోతాదులో తీసుకున్నప్పుడు ఆరోగ్యానికి మేలు చేసే సజీవ సూక్ష్మజీవులే ప్రోబయోటిక్స్. సజీవంగా ఉండాలి, తగినంత ఉండాలి, మేలు రుజువు కావాలి. పులిసిన ప్రతిదీ ఈ మూడింటికీ నిలబడదు. తయారైన తర్వాత వేడిచేసిన యోగర్ట్‌లో, ఉడికించిన లేదా బేక్ చేసిన పులిసిన పిండిలో బ్యాక్టీరియా బతికి ఉండదు. వెనిగర్‌లో ఊరేసిన కూరగాయలు పుల్లగా ఉంటాయి తప్ప పులిసినవి కావు. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ లెక్కలో యోగర్ట్ ప్రతి గ్రాములోనూ తోడు బ్యాక్టీరియా కనీసం కోటి ఉండాలి. డబ్బా మీద ప్రత్యేకంగా పేరు చెప్పి గొప్పగా రాసుకున్న అదనపు బ్యాక్టీరియాకైతే పది లక్షలు చాలు. పేరు పెద్ద అక్షరాల్లో ఉన్నది, లోపల తక్కువ సంఖ్యలో ఉండవచ్చన్నమాట.

ఇక్కడ ఇంకో భయాన్ని తీసేయాలి. కేఫిర్ (పులియబెట్టిన పాలు), కొంబుచా (పులియబెట్టిన టీ) వంటి పానీయాల్లో బ్యాక్టీరియాతో పాటు ఈస్ట్ కూడా ఉంటుంది. ఈస్ట్ జబ్బుకు ఈస్ట్ ఉన్న పానీయం తాగడమేమిటని కొందరు జడుసుకుంటారు, బ్రెడ్డు సైతం మానేస్తారు. ఆ ఈస్ట్‌లు వేరు, క్యాండిడా ఆల్బికన్స్ వేరు. రొట్టె ఈస్ట్ వల్ల యోనిలో ఇన్‌ఫెక్షన్ వచ్చిన సందర్భాలు వైద్య సాహిత్యంలో ఉన్నా అవి బహు అరుదు. అలాగే మధుమేహం లేనివాళ్లు చక్కెర పూర్తిగా మానేస్తే ఈస్ట్ ఆకలితో చస్తుందన్న ఆహార నియమాలకూ సరైన ఆధారం లేదు. మధుమేహం ఉన్నవాళ్లు రక్తంలో చక్కెరను అదుపులో పెట్టుకోవడం వేరే సంగతి, అది నిజంగానే తేడా తెస్తుంది. రోగనిరోధక శక్తి బాగా దెబ్బతిన్నవాళ్లు మాత్రం ప్రోబయోటిక్ మాత్రలు సొంతంగా మొదలుపెట్టకూడదు. అలాంటివారిలో ఈ బ్యాక్టీరియాయే రక్తంలో చేరిన ఘటనలున్నాయి.

ఇంత చర్చా ఒక ఊహ మీద నిలబడి ఉంది, అది ఈస్ట్ ఇన్‌ఫెక్షనే అన్న ఊహ. 2002లో అమెరికాలో ఒక అధ్యయనం చేశారు. తమకు ఈస్ట్ ఇన్‌ఫెక్షన్ వచ్చిందని తామే తేల్చుకుని డాక్టరు చీటీ లేకుండా మందు కొనుక్కున్న 95 మంది స్త్రీలను పరీక్షించారు. అచ్చంగా ఈస్ట్ ఇన్‌ఫెక్షన్ ఒక్కటే ఉన్నవాళ్లు 33.7 శాతం. దాదాపు 19 శాతం మందికి బ్యాక్టీరియల్ వాజినోసిస్. అయిదో వంతు మందికి ఒకటికి మించిన సమస్యలు కలగలిసి ఉన్నాయి. దాదాపు 14 శాతం మందికి అసలు ఏ ఇన్‌ఫెక్షనూ లేదు. ముగ్గురిలో ఇద్దరి ఊహ తప్పో, సగమే నిజమో అయిందంటే, పెరుగు పనిచేసిందా లేదా అన్న వాదన ఏ జబ్బు గురించో కూడా మనకు తెలియదు. పెరుగు వల్ల తగ్గిందని రాసేవాళ్లలో ఎందరికి అసలు ఈస్ట్ ఉందో!

డాక్టరు దగ్గర ఈ చిక్కుముడి విప్పేది పెద్ద యంత్రమేమీ కాదు. దూదిపుల్లతో కొద్దిగా స్రావం తీస్తారు. ఒక చుక్కను పీహెచ్ కాగితం మీద రుద్దితే రంగును బట్టి పులుపు తెలుస్తుంది. 4.5 లోపు ఉంటే అనుమానం ఈస్ట్ వైపు, దాటితే వేరే వైపు. ఇంకో చుక్కను గాజు పలక మీద వేసి పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం కలుపుతారు. ఆ క్షణంలో చేపల వాసన గుప్పుమంటే అది బ్యాక్టీరియల్ వాజినోసిస్ గుర్తు. ఈ ద్రావణం మన చర్మకణాలను కరిగించేస్తుంది, శిలీంధ్రం గోడను కరిగించలేదు. కాసేపాగి మైక్రోస్కోపులో చూస్తే మసకబారిన నేపథ్యంలో సన్నటి కొమ్మల్లాంటి పోగులు, వాటి పక్కన మొగ్గలు తొడిగిన గుండ్రటి కణాలు తేలి కనిపిస్తాయి. అవి కనిపించకపోయినా ఈస్ట్ లేదని తేల్చలేం, ఈ పరీక్ష చాలా కేసులను పట్టుకోలేదు. అప్పుడు స్రావంలోని ఈస్ట్‌ను ప్రయోగశాలలో పెంచి చూసే కల్చర్ పరీక్ష చేయిస్తారు. మళ్లీ మళ్లీ వచ్చేవారికి కల్చర్ తప్పనిసరి అనే చెప్పాలి, ఎందుకంటే గ్లాబ్రాటా, క్రూసీ వంటి క్యాండిడా జాతులు మామూలు మాత్రకు సరిగా లొంగవు. క్రూసీకి ఫ్లూకొనజోల్ పుట్టుకతోనే పట్టదు.

నిర్ధారణ అయ్యాక చికిత్స చాలామందికి తేలికే. 150 మిల్లీగ్రాముల ఫ్లూకొనజోల్ మాత్ర ఒకటి, లేదా కొన్ని రోజుల పాటు క్లోట్రిమజోల్ వంటి క్రీము లేదా యోనిలో పెట్టుకునే మాత్ర. ఈ కుటుంబం మందులను పూర్తిగా వాడినవాళ్లలో 80 నుంచి 90 శాతం మందికి లక్షణాలు పోయి, కల్చర్‌లో ఈస్ట్ కనిపించదు. గర్భిణులకు నోటి మాత్ర ఇవ్వరు, ఏడు రోజుల పైపూత మందే ఇస్తారు. ఏడాదికి మూడు నాలుగుసార్లు తిరగబెట్టేవారికి మొదట అదుపులోకి తెచ్చి, తర్వాత వారానికో మాత్ర చొప్పున ఆరు నెలలు కొనసాగిస్తారు. మాత్రలు ఆపేశాక కొందరికి మళ్లీ వస్తుంది. ఇది మందుల వైపు ఉన్న లోటు, దాన్ని దాచిపెట్టడం ఎందుకు? స్త్రీలు పెరుగు వైపు, ప్రోబయోటిక్ వైపు చూడటానికి మూఢనమ్మకం కంటే ఈ విసుగే పెద్ద కారణమని నా అనుమానం.

ప్రోబయోటిక్ ఆలోచనకు భవిష్యత్తు ఉందా అంటే ఉంది, కాకపోతే వంటింటి దారిలో కాదు. యోనిలోనే సహజంగా ఉండే క్రిస్పాటస్ జాతి స్ట్రెయిన్ ఒకదాన్ని పొడిగా చేసి, యోనిలోకే నేరుగా పంపించే పద్ధతిని అమెరికాలో 228 మందిపై పరీక్షించారు. 2020లో వచ్చిన ఫలితాల్లో, మందు కోర్సు తర్వాత దాన్ని వాడినవాళ్లలో 12 వారాల్లోపు జబ్బు తిరగబెట్టింది 30 శాతం మందికి, ఉత్తుత్తి పొడి వాడినవాళ్లలో 45 శాతం మందికి. సరైన జాతి, సరైన చోటు, మందు తర్వాత. కానీ అది ఏ జబ్బుకో గమనించండి. బ్యాక్టీరియల్ వాజినోసిస్‌కు. లాక్టోబాసిల్లస్ నిజంగానే లోటుపడే జబ్బుకు.

మొదటిసారి ఈ లక్షణాలు వచ్చినవాళ్లు, గర్భిణులు, మధుమేహం ఉన్నవాళ్లు, మందు వాడినా తగ్గనివాళ్లు ఇంటి ప్రయోగాలతో రోజులు గడపకుండా పరీక్ష చేయించుకోవాలి. జ్వరం, పొత్తికడుపులో నొప్పి, దుర్వాసన, పుండ్లు, నెలసరి కాని రోజుల్లో రక్తం కనిపిస్తే అసలు ఆగకూడదు, అవి ఈస్ట్ లక్షణాలు కావు. వెళ్లేముందు ఒకటి రెండు రోజులు యోనిలో ఏ క్రీమూ, పెరుగూ పెట్టుకోకుండా, లోపల నీళ్లతో కడగకుండా ఉంటే దూదిపుల్ల మీదికి వచ్చేది అసలు స్రావమే అవుతుంది. కిందటి నెలలో వాడిన యాంటీబయోటిక్ పేరు, దురద నెలసరికి ఎన్ని రోజుల ముందు మొదలైందో తేదీ ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. డాక్టరు మొదట అడిగేవి అవే.